పత్తి గింజకు పగ్గం!

కంపెనీలు వేరు. రంగురంగుల ప్యాకెట్లు వేరు. ధర మాత్రం ఒక్కటే! దాన్ని నిర్ణయించేది కంపెనీ కాదు, సర్కారు. దాదాపు ఇరవై ఏళ్ల కిందట తెలుగు నేలమీద మొదలైన ఈ కట్టడి తర్వాత దేశమంతటికీ పాకింది. ఇంతకీ రైతుకు మిగిలిందెంత? చేజారిందెంత?

రోహిణి కార్తె ఎండలు ఇంకా చల్లారవు. సిద్దిపేట జిల్లా నారాయణరావుపేటలో దుక్కులు మాత్రం అప్పటికే తయారైపోతాయి. మృగశిరలో తొలకరి పడితే పత్తి పెట్టేయాలి. ఊళ్లో ఏ ఇద్దరు ఎదురుపడినా, టీ హోటల్ బల్ల మీద కూర్చున్నా అప్పుడు ఒకటే ముచ్చట. 'ఈసారి ఏ గింజ పెడుతున్నవే?'

గింజ కోసం సిద్దిపేటలోని దుకాణానికి వెళ్తే అక్కడ ఓ జాతరే. గోడ పొడవునా ప్యాకెట్లు. ప్రతిదాని మీదా దూదిపింజెల్లా విచ్చుకున్న కాయల బొమ్మలు, సినిమా టైటిళ్లను తలపించే పేర్లు. ఒకటి నల్లరేగడికి మంచిదంటారు. ఇంకొకటి చల్కలో బాగా కాస్తుందంటారు. వేరొకటి పత్తి తీయడానికి సుళువంటారు. ఇన్ని తేడాలున్న ప్యాకెట్లలో తేడా లేనిది ఒక్కటే... ధర! 2025 వానాకాలంలో బీజీ-2 పత్తి విత్తన ప్యాకెట్ గరిష్ఠ ధర 901 రూపాయలు. ఏ కంపెనీ అయినా అంతే. అంతకు మించి రూపాయి తీసుకున్నా నేరమే.

చెప్పులకు కంపెనీని బట్టి ధర. సెల్‌ఫోన్‌కు కంపెనీని బట్టి ధర. టమాటాకు రోజుకో ధర. మరి పత్తి గింజకు మాత్రం ఈ పగ్గం ఎందుకు పడింది? అది తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

పురుగు తెచ్చిన గింజ

1990ల చివర్లో పత్తి అంటే తెలంగాణలో కన్నీళ్ల పంట. 1997-98లో పురుగు విరుచుకుపడి చేలకు చేలే తుడిచిపెట్టుకుపోయాయి. మందు మీద మందు కొట్టినా పురుగు చావలేదు. అప్పులు మాత్రం పెరిగాయి. వరంగల్ జిల్లాలో రైతుల ఆత్మహత్యలు దేశాన్ని కుదిపేశాయి. చేలో కొట్టాల్సిన మందునే రైతులు తాగేసిన రోజులవి.

అలాంటి సమయంలో వచ్చింది బీటీ పత్తి. 'బాసిల్లస్ తురింజియెన్సిస్' అనేది నేలలో ఉండే ఒక బ్యాక్టీరియా. దాని జన్యువును పత్తి మొక్కలోకి చొప్పిస్తే మొక్క తనలోనే విషం తయారుచేసుకుంటుంది. ఆకు కొరికిన కాయతొలుచు పురుగు చచ్చిపోతుంది. అమెరికాకు చెందిన మోన్‌శాంటో కంపెనీది ఈ పరిజ్ఞానం. మన దేశంలో మహికోతో కలిసి దాన్ని తెచ్చింది. 2002 మార్చిలో కేంద్రం అనుమతి ఇచ్చింది.

గింజ వచ్చింది సరే, దాని ధర చూస్తే గుండె గుభేలుమంది. 450 గ్రాముల ప్యాకెట్ 1,600 రూపాయలు! అప్పట్లో ఎకరానికి ఒక ప్యాకెట్ అని లెక్క. మామూలు హైబ్రిడ్ విత్తనంతో పోలిస్తే ఎన్నో రెట్లు ఎక్కువ. ఇందులో సగానికి పైగా విత్తనం ఖరీదు కాదు, ఆ జన్యువును వాడుకున్నందుకు మోన్‌శాంటోకు చేరే రుసుము. రాయల్టీ అనండి, 'ట్రెయిట్ వాల్యూ' అనండి... చివరికి కట్టేది మాత్రం రైతే. పోనీ ఒకసారి కొని దాచుకుందామంటే కుదరదు. హైబ్రిడ్ పంట నుంచి తీసిన గింజ మరుసటి ఏడాది అలా కాయదు. ఏటా కొనాల్సిందే.

దెబ్బకు సగం దిగింది

ఈ ధర మీద మొదట తిరగబడింది అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే. వై.ఎస్.రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రి. రఘువీరారెడ్డి వ్యవసాయ మంత్రి. పూనం మాలకొండయ్య వ్యవసాయ కమిషనర్. 2006 జనవరిలో రాష్ట్రం ఎమ్మార్టీపీ కమిషన్ గడప తొక్కింది. గుత్తాధిపత్య పోకడలను అరికట్టడానికి ఏర్పడిన సంస్థ అది. 'ఈ జన్యువు వాళ్ల దగ్గర తప్ప ఇంకెక్కడా దొరకదు. అందుకే ఎంత చెబితే అంత! ఇదే పరిజ్ఞానానికి చైనా రైతు కడుతున్నది మాత్రం చాలా తక్కువ' అన్నది సర్కారు వాదన.

2006 మే నెలలో కమిషన్ రాష్ట్రం వైపే మొగ్గింది. రుసుము తగ్గించాలని ఆదేశించింది. అదే నెలాఖరుకు ప్రభుత్వం బీటీ ప్యాకెట్ ధర 750 రూపాయలు మించరాదని తేల్చి చెప్పింది. కంపెనీ సుప్రీంకోర్టుకు వెళ్లినా స్టే రాలేదు. మిగతా పత్తి రాష్ట్రాలూ అదే బాట పట్టాయి. తర్వాత నిత్యావసర సరుకుల జాబితా నుంచి పత్తి విత్తనాన్ని కేంద్రం తొలగించడంతో, ధర మీద పట్టు జారిపోకుండా ఆంధ్రప్రదేశ్ 2007లో ఏకంగా ప్రత్యేక చట్టమే చేసుకుంది. గుజరాత్, మహారాష్ట్ర ఆ దారిలోనే నడిచాయి.

నారాయణరావుపేట అప్పుడు మెదక్ జిల్లా సిద్దిపేట మండలంలో ఒక ఊరు. మండల కేంద్రం అయింది ఆ తర్వాతే. మూడెకరాల్లో పత్తి పెట్టే ఇంటి లెక్క చూడండి. మూడు ప్యాకెట్లకు 4,800 రూపాయలు పెట్టాల్సిన చోట 2,250తో సరిపోయింది. మిగిలింది 2,550 రూపాయలు. అప్పట్లో ఉపాధి హామీ రోజు కూలి 80 రూపాయలు. అంటే, దాదాపు 32 రోజుల కూలి డబ్బులు!

ధర తగ్గితే సరుకు పెరిగింది!

ధరకు హద్దు పెడితే సరుకు మాయమవుతుందని ఆర్థికశాస్త్రం చెబుతుంది. లాభం లేనప్పుడు అమ్మేవాడు చేతులెత్తేస్తాడు, చౌక కనుక కొనేవాళ్లు ఎగబడతారు. మధ్యలో మిగిలేది కొరత. మరి 2006లో జరిగింది దానికి తలకిందులు. దేశంలో బీటీ పత్తి సాగు 2005లో 13 లక్షల హెక్టార్లు. 2006లో 38 లక్షలు. 2007లో 62 లక్షలు!

ఇదంతా ధర తగ్గడం వల్లే అనడానికి లేదు. అనుమతి పొందిన బీటీ హైబ్రిడ్ల సంఖ్య కూడా అదే ఏడాది 20 నుంచి 62కు పెరిగింది. కానీ ధర తగ్గినా సరుకు తగ్గలేదన్నది మాత్రం నిజం. ఎందుకని?

కిటుకంతా ధర లోపల ఉంది. ప్యాకెట్ ఖరీదులో రెండు భాగాలు. ఒకటి గింజ తయారీ ఖర్చు. రెండోది జన్యువు రుసుము. గింజ తయారు చేయాలంటే భూమి, కూలీలు, పెట్టుబడి కావాలి. జన్యువు అలా కాదు. ఒకసారి మొక్కలోకి ఎక్కించాక పది ప్యాకెట్లకైనా పది కోట్ల ప్యాకెట్లకైనా అదనంగా అయ్యే ఖర్చు లేదు. పైగా అమ్మేవాడు ఒక్కడే. అలాంటిచోట రుసుములో కోతపెట్టినా గింజ ఆగదు. గుత్తాధిపత్యం ఉన్నచోట హద్దు పెడితే అమ్మకాలు పెరగొచ్చని కూడా ఆ ఆర్థికశాస్త్రమే చెబుతుంది. 2006లో సర్కారు కత్తెర పడింది సరిగ్గా ఈ భాగం మీదే.

అసలు చిక్కు ఆ తర్వాత మొదలైంది.

అందరికీ ఆ ప్యాకెట్టే కావాలి

ఊళ్లో ఒకరి చేను బాగా కాసిందనుకోండి. మరుసటి ఏడాది ఊరంతా అదే రకం అడుగుతుంది. మల్లిక, కనక, నీరజ, జాదూ... ఒక్కో కాలంలో ఒక్కో పేరు రైతుల నోళ్లలో నానింది. మామూలు బజారులో అయితే గిరాకీ ఉన్న రకం ధర పెరుగుతుంది, లేనిది తగ్గుతుంది. ఇక్కడ మంచి గింజకైనా సాదా గింజకైనా చట్టం చెప్పిన హద్దు ఒక్కటే. అప్పుడేమవుతుంది? ధర పెరగడానికి వీల్లేదు కనుక క్యూ పెరుగుతుంది!

తెల్లవారుజామునే దుకాణాల ముందు పాస్‌పుస్తకాలు, చెప్పులు వరుసలో పెట్టిన దృశ్యాలు తెలుగు జిల్లాలకు కొత్తకాదు. 2024 మే చివర్లో ఆదిలాబాద్‌లో ఒకే కంపెనీ రకం కోసం రైతులు వందలుగా తరలివస్తే పోలీసులు రంగంలోకి దిగాల్సి వచ్చింది. పక్క దుకాణాల్లో అదే ధరకు వేరే ప్యాకెట్లు ఉన్నాయి. అడిగేవాళ్లే లేరు.

క్యూలో నిలబడ్డ రోజు కూలి ఎవరు లెక్కేస్తారు? బిల్లు మీద ప్రభుత్వ ధరే ఉంటుంది. బిల్లు లేకుండా చేతులు మారేది ఎంతో ఎవరికీ తెలియదు. కొన్నిచోట్ల ఇంకో తిరకాసు. అడిగిన రకం రెండు ప్యాకెట్లు కావాలంటే అమ్ముడుపోని రకం రెండు కూడా తీసుకెళ్లాలంటారు. కాగితం మీద ధర పెరగదు. రైతు సంచిలో మాత్రం అక్కర్లేని గింజ చేరుతుంది. అప్పు మీద తీసుకెళ్లే రైతుకైతే ఎంచుకునే వీలే ఉండదు, దుకాణదారు ఇచ్చిందే గింజ.

గద్వాల చేలల్లో...

ప్యాకెట్‌లోని గింజ పుట్టేది ఫ్యాక్టరీలో కాదు. తెలంగాణలో దాని పుట్టిల్లు నడిగడ్డ. కృష్ణా, తుంగభద్ర నదుల మధ్య ఉన్న జోగులాంబ గద్వాల ప్రాంతం. అక్కడి రైతులు దీన్ని 'సీడ్ పత్తి' అంటారు. ఆడ మొక్కల వరుసల్లో పూయబోయే ప్రతి మొగ్గనూ సాయంత్రంపూట చేత్తో విప్పి పుప్పొడి భాగాన్ని గిల్లేస్తారు. మర్నాడు పొద్దున మగ మొక్క పువ్వు తెచ్చి దానికి రుద్దుతారు. ఒక్కో పువ్వుకూ ఇదే పని. వారాల తరబడి ఇదే పని.

ఇంత పనికి కూలీలు కావాలి. 2000ల్లో ఈ చేలల్లో బడికెళ్లాల్సిన ఆడపిల్లలు పెద్ద సంఖ్యలో పనిచేస్తున్న సంగతి బయటపడి అంతర్జాతీయంగా సంచలనమైంది. దావులూరి వెంకటేశ్వర్లు వంటి పరిశోధకులు దాన్ని వెలుగులోకి తెచ్చారు. సీడ్ రైతుకు కంపెనీలు ఇచ్చే ధర పెద్దవాళ్లకు కూలి ఇచ్చేందుకు సరిపోనప్పుడు పిల్లలే దిక్కవుతారన్నది ఆ అధ్యయనాల సారం. గమనించాల్సిన విషయం... ఆ పరిస్థితి ధరల కట్టడి రాకముందు నుంచీ ఉంది. ప్యాకెట్ 1,600 ఉన్నప్పుడు కూడా ఆ డబ్బు గద్వాల దాకా చేరలేదు.

కానీ కట్టడి వచ్చాక ఇంకో ఒత్తిడి మొదలైంది. ప్యాకెట్ ధర పెరగదు, కూలి పెరుగుతుంది. కంపెనీ తన లాభం తగ్గించుకోవాలి, లేదంటే ఆర్గనైజర్‌కు ఇచ్చేది తగ్గించాలి. ఆర్గనైజర్ సీడ్ రైతు మీద పడతాడు. సీడ్ రైతు కూలీ మీద పడతాడు. పైనున్నవాడి మీద పెట్టిన బరువు మెట్టుమెట్టుగా కిందికే జారుతుంది. నారాయణరావుపేట రైతుకు మిగిలిన రూపాయిలో కొంత గద్వాల రైతు జేబులోంచే వచ్చి ఉండొచ్చు!

రాని గింజ... దొంగ గింజ

2015 డిసెంబర్‌లో కేంద్రం పత్తి విత్తనాల ధర నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. రాష్ట్రానికో ధర పోయి దేశమంతటికీ ఒకే ధర వచ్చింది. 2016లో బీజీ-2 ప్యాకెట్ 800 రూపాయలు. అందులో జన్యువు రుసుము 49 రూపాయలు. 2018లో అది 39కి, 2019లో 20కి దిగింది. 2020లో సున్నా! బీజీ-2 మీద పేటెంట్ 2019 నవంబర్‌తో ముగియడం ఇందుకు కలిసివచ్చింది.

కంపెనీ ఊరుకోలేదు. 2016లోనే కలుపు మందును తట్టుకునే కొత్త పత్తి కోసం పెట్టుకున్న దరఖాస్తును వెనక్కి తీసేసుకుంది. కనిపెట్టినవాడికి ప్రతిఫలం లేకపోతే కొత్తది ఎందుకు తెస్తాడన్నది వాళ్ల వాదన. ఒక కంపెనీ బెదిరింపులకు రైతు తలవంచాలా అన్నది అవతలి వాదన. రెండింటి మధ్యా ఒక నిజం ఉంది. 2006లో బీజీ-2 వచ్చాక ఇన్నేళ్లలో మన పత్తి రైతుకు చట్టబద్ధంగా అందిన కొత్త తరం జన్యువు లేదు. ఈలోగా గులాబీరంగు పురుగు బీజీ-2కు అలవాటుపడిపోయింది. 2017లో తెలంగాణ, మహారాష్ట్ర చేలల్లో అది చేసిన నష్టం ఇంతా అంతా కాదు. దేశంలో హెక్టారుకు 2007-08లో 554 కిలోల దూది వస్తే, ఇటీవలి ఏళ్లలో 450 కిలోల అటూఇటూ ఊగిసలాడుతోంది.

చట్టబద్ధంగా రాని గింజ దొంగదారిన వచ్చింది. ఊళ్లలో దాన్ని 'బీజీ-3' అంటారు, 'గడ్డిమందు పత్తి' అంటారు. కూలీలు దొరకని ఊళ్లో, కలుపు తీతకు వేలు పోయలేని రైతుకు అదో ఆశ. 2017 నాటికే తెలుగు రాష్ట్రాలతో సహా పలుచోట్ల అనుమతి లేని ఈ పత్తి సాగవుతోందని కేంద్రం వేసిన కమిటీ గుర్తించింది. లూజుగా కిలోల లెక్కన అమ్మే ఈ గింజకు బిల్లు ఉండదు, కంపెనీ ఉండదు. మొలవకపోతే అడగడానికి మనిషే ఉండడు. నకిలీ విత్తనాల వ్యాపారుల మీద పీడీ చట్టం ప్రయోగించేలా తెలంగాణ తన చట్టాన్ని సవరించుకుంది. అయినా ప్రతి వానాకాలం ముందు పట్టివేతల వార్తలు ఆగడం లేదు.

పైన హద్దు... కింద హద్దు

రైతు కొనే గింజకు పై హద్దు ఉన్నట్టే, అమ్మే పత్తికి కింది హద్దు ఉంది. అదే మద్దతు ధర. 2025-26కు పొడవు పింజ పత్తికి క్వింటాలుకు 8,110 రూపాయలు. ఈ హద్దు నిలవాలంటే ఆ ధరకు కొనేవాడు ఉండాలి. భారత పత్తి సంస్థ, అదే సీసీఐ, జిన్నింగ్ మిల్లుల్లో కొంటుంది. కానీ తేమ 8 శాతం దాటితే కోత. 12 శాతం దాటితే కొనరు. 2025 సీజన్‌లో తొలుత ఎకరానికి 7 క్వింటాళ్లే కొంటామనడంతో రాష్ట్రంలో రభస జరిగింది. కొనుగోళ్లకు ముందే అదే ఏడాది ఆగస్టులో కేంద్రం 11 శాతం పత్తి దిగుమతి సుంకాన్ని డిసెంబర్ దాకా ఎత్తేసింది. హద్దు గీయడం ఒక ఎత్తు, నిలబెట్టడం మరో ఎత్తు!

ఖిల్జీ నుంచి నిక్సన్ దాకా...

ధరలకు కళ్లెం వేయాలని చూసింది మనవాళ్లొక్కరే కాదు.

* ఢిల్లీ సుల్తాను అల్లావుద్దీన్ ఖిల్జీ (1296-1316) గోధుమలు, బట్టలు, గుర్రాలు... అన్నింటికీ ధర కట్టాడు. తూకంలో మోసం చేస్తే కఠిన శిక్షలు. ధాన్యం కొరత రాకుండా సర్కారీ గిడ్డంగులు నింపాడు. అతని మరణంతో ఆ ఏర్పాటు కూడా పోయింది.

* అమెరికా అధ్యక్షుడు నిక్సన్ 1971 ఆగస్టు 15న ధరలు, జీతాలు 90 రోజులపాటు పెంచడానికి వీల్లేదన్నాడు. కట్టడి సడలించాక ధరలు మళ్లీ ఎగిశాయి.

* మన యూరియాది మరో దారి. 45 కిలోల బస్తా ధర 266.50 రూపాయలు. అసలు ఖర్చు అంతకు ఎన్నో రెట్లు. తేడాను కంపెనీ కాదు, కేంద్రమే సబ్సిడీగా భరిస్తుంది. ధర చౌక. కానీ 2025 వానాకాలంలో దిగుమతులు తగ్గి, ఉత్పత్తి కుంటుపడేసరికి తెలంగాణ అంతటా సొసైటీల ముందు బారులు. ధర చేతిలో ఉంటే సరుకు చేతిలో ఉన్నట్టు కాదు.

ప్యాకెట్ ధర ఎక్కిన మెట్లు

2002 - రూ.1,600 (తొలి బీటీ)
2006 - రూ.750
2011 - బీజీ-1 రూ.830, బీజీ-2 రూ.930
2016 - బీజీ-1 రూ.635, బీజీ-2 రూ.800
2018 - బీజీ-2 రూ.740
2020 - రూ.730
2022 - రూ.810
2024 - రూ.864
2025 - రూ.901

క్వింటా పత్తికి ఎన్ని ప్యాకెట్లు?

ఇన్ని మాటల తర్వాత రైతుకు కావలసింది ఒక లెక్క. 2006లో పొడవు పింజ పత్తి మద్దతు ధర 1,990 రూపాయలు. 1,600 లెక్కన క్వింటా పత్తి అమ్మితే ఒక ప్యాకెట్ వచ్చి కొంచెం మిగిలేది. 750 అయ్యాక రెండు ప్యాకెట్లు వచ్చి ఇంకా 490 రూపాయలు చేతిలో ఉండేవి. 2025లో క్వింటా పత్తి మద్దతు ధరకు అమ్మితే తొమ్మిది ప్యాకెట్లు! కట్టడి పనిచేసిందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

మరి రైతు బాగుపడాలి కదా? అక్కడే ఉంది మెలిక. ఇప్పుడు దగ్గర దగ్గరగా విత్తడం వల్ల చాలామంది ఎకరానికి రెండు ప్యాకెట్లు వాడుతున్నారు. అంటే, 1,802 రూపాయలు. ఆ ఎకరంలో ఎనిమిది క్వింటాళ్లు పండితే, కిలోకి పది రూపాయల చొప్పున చూసినా పత్తి తీసినందుకే 8,000 కావాలి. దున్నకం, కలుపు, ఎరువు, మందులు, కౌలు అదనం. ఉపాధి హామీ కూలి 2006లో 80 ఉన్నది 2025 నాటికి తెలంగాణలో 307 అయింది. కూలి పెరగడం కూలీ ఇంటికి మంచిదే. కానీ సర్కారు పగ్గం వేసిన గింజ ఇప్పుడు రైతు ఖర్చులో చిన్న ముక్క. పెద్ద ముక్కలకు పగ్గమూ లేదు, సాయమూ అంతంతే.

అలాగని పగ్గం తీసేయమని ఏ రైతూ అనడు. 1,600 రోజులు చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లు అడిగేది వేరు. ఆ ధరకు అడిగిన రకం దొరకాలి. కొన్నది మొలవాలి. పురుగును తట్టుకునే కొత్త గింజ బిల్లుతో, భరోసాతో రావాలి. పండిన పత్తిని చెప్పిన ధరకు కొనాలి.

తెలంగాణలో ఇటీవలి ఏళ్లలో 40 లక్షల ఎకరాలకు పైగా పత్తి సాగవుతోంది. మళ్లీ మృగశిర వస్తుంది. నారాయణరావుపేట రైతు మళ్లీ సిద్దిపేట దుకాణం మెట్లెక్కుతాడు. ప్యాకెట్‌ను ఇటు తిప్పి అటు తిప్పి చూస్తాడు. ధర దాని మీద స్పష్టంగా అచ్చేసి ఉంటుంది. దిగుబడి ఎంతో మాత్రం ఎక్కడా అచ్చువేసి ఉండదు!